సున్నం తడవలేదు

దయ్యాల మాట ఎత్తినవాళ్ళకు నేను ఇంతవరకు కాఫీ ఇచ్చి పంపలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి, వెలుగు రాకముందే శ్మశానం పక్క గట్టు మీద నడిచి మల్బరీ ఆకు కోసుకొచ్చినదాన్ని. అక్కడ నన్ను పట్టుకున్నవి ముళ్ళకంపలు, ఒకసారి తేలు. అంతే. దయ్యం అనేది పని తప్పించుకోవాలనుకునేవాళ్ళకు దొరికే సాకు అని మా ఇంట్లో అందరికీ చెప్పాను. ఇప్పటికీ అదే చెప్తాను.

మరి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కోపం వచ్చి. పోయిన ఎండాకాలం మా పురుగుల ఇంట్లో జరిగినదాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. కెంచార్లహళ్ళి బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ, నేనెవరో తెలియక, నా కథే నాకు చెప్పింది. అందులో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కూడా ఉంది. మా ఇంట్లో ఎవరమూ తెల్లచీర కట్టం. మాపు కనిపిస్తుంది, సబ్బు దండగ.

అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. నేను బళ్ళో చదివింది మూడో తరగతి దాకా, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో నేర్పినవి. అక్షరం తప్పయితే నా మనవరాలు దిద్దవచ్చు, మాట మాత్రం మార్చకూడదని చెప్పాను.

మాది చింతామణి తాలూకా. మల్బరీ తోట, తోట చివర పట్టుపురుగులను పెంచే ఇల్లు. పురుగులు పెద్దయ్యే లోపల నాలుగు సార్లు చర్మం విడుస్తాయి. దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరానికి కూర్చున్న పురుగు ఆకు ముట్టదు. తల పైకెత్తి, ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉంటుంది. ఆ పూట ఇల్లు పొడిగా ఉండాలి. పడకల మీద సున్నం పొడి చల్లుతాం. అప్పుడు తడి తగిలిందంటే పురుగు రోగం పట్టి, సుద్దముక్కలా గట్టిపడి చస్తుంది. ఒకదానికి వస్తే పక్కదానికీ వస్తుంది.

ఆకు తినే రోజుల్లో దీనికి తలకిందులు. ఎండాకాలంలో ఇల్లు చల్లగా, తేమగా లేకపోతే వేసిన ఆకు వేసినట్టే వాడిపోతుంది, పురుగు సరిగ్గా తినదు. అందుకని గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టేవాళ్ళం. అవి ఆరిన కొద్దీ మళ్ళీ తడపాలి. ఆ పని నా కోడలు జయమ్మది. కానీ ఆమె తల్లి తుంటి విరిగి పరగోడులో మంచం పట్టింది. కోడలు అక్కడికి వెళ్ళింది. వెళ్ళొద్దని ఎట్లా అంటాను?

అంతకు ముందే మాకు వరుసగా రెండు పంటలు పోయాయి. నా కొడుకు రామచంద్ర విసిగిపోయాడు.

“అమ్మా, ఇదే కడపటిది. ఈ తూరి కూడా పురుగు పొయ్యిందంటే జేసీబీ పిలిపిస్తా. తోట యావత్తూ పెరికేస్తా.”

“పెరికి ఏం వేస్తావప్పా? రాళ్ళా?”

“అవును, రాళ్ళే. ఇండ్ల సైటు రాళ్ళు. లేఅవుటోళ్ళు రెండు తూర్లు వచ్చి చూసి పొయ్యినారు.”

ఊరికే బెదిరించే రకం కాదు వాడు. ఆ పంట నిలబడకపోతే తోట ఉండదు. నేను నాటిన చెట్లు, నేను కోసిన కొమ్మలు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా సహించలేదు.

అప్పుడు మా మనవరాలు భవ్య ముందుకొచ్చింది. భవ్య రామచంద్ర కూతురు. బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేస్తుంది. ఏం పని అని అడిగితే చాలా రోజులు నా తలకెక్కలేదు. కంప్యూటర్లు రోజూ తమంతట తాము చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయట. లెక్కలకు నకలు తీయడం, జనాలకు ఉత్తరాలు పంపడం, పాతవి తుడిచేయడం. ఏ పని ఎప్పుడు చేయాలో దానికి ఒక వరుసలో రాసిపెట్టాలి. అలాంటి వరుసలు రాయడమే దాని ఉద్యోగం.

“దానికి జీతమా?” అన్నాను.

“తప్పు రాస్తే ఏమైతాదో చూస్తే అట్ల అనవవ్వా.”

ఇంట్లో మూలన పడి ఉన్న చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి, మోటారు ఒకటి తీసింది. కొత్తది కొననని మాట ఇచ్చాకే నేను ఒప్పుకున్నాను. పురుగుల ఇంటి పైకప్పు కింద సన్న పైపులు కట్టించింది. మోటారు తిరిగితే ఆ పైపుల్లోంచి నీళ్ళు పొగలాగా రాలతాయి. మోటారు ఎప్పుడు తిరగాలో డబ్బా చెప్తుంది. డబ్బాకు ఎప్పుడు చెప్పాలో భవ్య రాస్తుంది.

ఏం రాస్తావో నాకు చెప్పకుండా నా ఇంట్లో ఏదీ పెట్టొద్దన్నాను. సున్నపు ముక్కతో నేల మీద ఐదు గళ్ళు గీసింది. మొదటి గడి నిమిషం, రెండోది గంట, మూడోది తేదీ, నాలుగోది నెల, ఐదోది వారం. పట్టింపు లేని గడిలో నక్షత్రం వేయాలి. ఏ తేదీ అయినా సరే, ఏ నెల అయినా సరే అని దానర్థం.

“సోమరి గుర్తు” అన్నాను.

“సోమరిది కాదవ్వా, మొండిది. నిమిషం గడిలో సున్నా పెట్టేది మర్చిపొయ్యి నక్షత్రం పెట్టినావనుకో, ఆ గంటంతా నిమిషానికొక తూరి నీళ్ళు కొడతాది. మా ఆఫీసులో ఒకాయన అట్లే పెట్టి, ఒకటే ఉత్తరం జనాలకు అరవై తూర్లు పంపినాడు.”

“మధ్యలో అది అడగలేదా, ఇదేందప్పా అని?”

“అది అడగదు. రాసింది చేస్తాది, అంతే.”

ఆ మాట నాకు నచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళను నేను మా ఇంట్లో చూసి చాలా కాలమైంది. కొడుకు చెప్పిందానికి సగం చేస్తాడు, కోడలు దానికి రెండింతలు చేస్తుంది. నేను డబ్బా వైపు కొంచెం మంచిగా చూశాననుకుంటాను.

“సరే, నీకూ దానికీ వరుస కుదిరింది” అని భవ్య నవ్వింది.

ఆదివారానికి మాత్రం సున్నా వేయాలట. వారాన్ని సున్నాతో మొదలుపెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో వాళ్ళు నా ఎదురుగా ఉంటే అడిగేదాన్ని.

మొదట్లో అంతా బాగానే నడిచింది. రెండు గంటలకొకసారి డబ్బాలో టక్కుమని చప్పుడు, వెంటనే మోటారు గుర్రుమనడం, పొగలాగా నీళ్ళు. మూడో జ్వరం వచ్చినప్పుడు భవ్య ఇంట్లోనే ఉంది కాబట్టి తనే ఆపింది, తనే మొదలుపెట్టింది. పురుగులు ఆరోగ్యంగా లేచాయి.

నాలుగో జ్వరం దగ్గరికి వచ్చేసరికి దాన్ని బెంగళూరు ఆఫీసుకు రమ్మన్నారు. శనివారం పొద్దున బయలుదేరితే మళ్ళీ సోమవారం సాయంత్రానికి వస్తుంది. అందుకని ముందే రాసిపెట్టి పోతానంది.

“ఎప్పుడు ఆపాలవ్వా?”

“శనివారం పొద్దు మునిగేటప్పటికి అన్నీ జ్వరానికి కూచుంటాయి. అప్పుడు ఆపెయ్యాల.”

“మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాల?”

“ఆదివారం రాత్రి మూడు గంటలకు. అవి లేచేసరికి ఇల్లు చల్లబడి ఉండాల. తెల్లారినాక నేను ఆకేస్తా.”

“ఆదివారం, మూడు గంటలు. సరేనా?”

“ఎన్ని తూర్లు చెప్పాలమే?”

రాసింది. రెండు గంటలకొకసారి కొట్టే పాత వరుసను మళ్ళీ మొదలుపెట్టే వేళ ఇది: నిమిషానికి సున్నా, గంటకు మూడు, తేదీకి నక్షత్రం, నెలకు నక్షత్రం, వారానికి సున్నా. అంకెలు నాకు వచ్చు. చదివాను. సరిగ్గానే ఉందన్నాను.

సరిగ్గా లేదు. అది మా ఇద్దరికీ తెలియలేదు. మాకు తెల్లవారితేనే రోజు మారుతుంది. ఆదివారం పడుకుని కోడి కూయకముందే లేచామంటే అది ఇంకా ఆదివారం రాత్రే. మా అమ్మ అలాగే అనేది, నేనూ అలాగే అంటాను, టమోటా బండ్లు చింతామణికి తోలుకుపోయేవాళ్ళు కూడా అలాగే అంటారు. కంప్యూటర్‌కు అలా కాదట. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే, లోకమంతా నిద్రలో ఉండగా, దొంగచాటుగా రోజు మార్చేసుకుంటుంది. దాని లెక్కలో ఆదివారం మూడు గంటలంటే శనివారం మేము పడుకున్న రాత్రే. నేను చెప్పినదానికి ఒక రోజు ముందు. పురుగులన్నీ జ్వరంలో మునిగి, పడకల మీద సున్నం పరుచుకుని ఉండే వేళ.

రోజూ ఆ వరుసలు రాసే పిల్లకు ఇది తెలియదా అంటే, తెలుసు. కానీ అది ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. నా నోటి నుంచి వచ్చిన ఆదివారం దానికి వింతగా వినపడలేదు.

శనివారం భవ్య వెళ్ళిపోయింది. రామచంద్ర కూడా వేరుశనగ విత్తనం చూడడానికి పాతపాళ్య పోయి, అట్నుంచే పరగోడు వెళ్ళి అత్తను చూసి వస్తానని బయలుదేరాడు. నేనొక్కదాన్నే మిగిలాను. సాయంత్రం నీళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. తొట్టి అంచు దాకా నింపాను. పురుగులన్నీ తలలెత్తి కూర్చున్నాయి. సున్నం జల్లెడ పట్టి పడకలన్నిటి మీదా పలచగా చల్లాను. ఫ్యాను వేసి, తాళం పెట్టి, చెవి నడుముకు దోపుకుని ఇంటికి వచ్చి పడుకున్నాను. ఆ ఇంటికి ఇంకో తాళం చెవి లేదు. ఒకటి ఎక్కువుంటే ఒకటి పోతుందని నేనే చేయించలేదు.

ఆదివారం పొద్దున తాళం తీశాను. ఫ్యాను తిరుగుతూ ఉంది. ఇల్లు పొడిగా ఉంది. పురుగులు నేను విడిచిపెట్టినట్టే ఉన్నాయి. నేను లోపల ఉండగానే డబ్బా వైపు నుంచి టక్కుమని వినిపించింది. బల్లి అనుకున్నాను. ఎండెక్కాక మళ్ళీ ఒకసారి వచ్చి చూశాను. అప్పుడూ టక్కుమంది. ఈ బల్లిని తోలేయాలి అనుకున్నాను. సాయంత్రం కూడా చూసి, తాళం పెట్టి వెళ్ళాను.

సోమవారం వెలుగు వచ్చేసరికి వెళ్ళాను. నా లెక్కన అప్పటికి నీళ్ళు కొట్టి ఉండాలి. గోడలు చల్లగా ఉండాలి. తలుపు తీస్తే మొహానికి పొడిగాలి కొట్టింది. నేల ఎండిపోయి ఉంది. ఎక్కడా ఒక చుక్క లేదు.

నాకు ఒళ్ళు మండింది. వెంటనే ఫోను చేశాను.

“ఏమే, నీ డబ్బా నిద్ర పొయ్యింది. చుక్క నీళ్ళు కొట్టలేదు.”

“లేదవ్వా, కొడతానే ఉండాది. ఈడ నాకు కనిపిస్తాండాది. నిన్నట్నుంచీ రెండు గంటలకొక తూరి కొడతాండాది.”

“నిన్నట్నుంచా?”

అవతల మీటలు టకటకా నొక్కిన చప్పుడు వినిపించింది.

“అవ్వా, నువ్వు ఆదివారం రాత్రి అన్నావే, అది ఏ రాత్రి?”

“వారానికి ఎన్ని ఆదివారాలుండాయే నీకు?”

“అయ్యో. నేను శనివారం రాత్రి పెట్టేసినా. అవ్వా, పురుగుల్ని చూడు. తొందరగా పొయ్యి చూడు.” వాళ్ళ నాన్న ఏమన్నాడో దానికీ తెలుసు.

ఒక్కో పడకా చూసుకుంటూ వెళ్ళాను. పడక మీదికి వంగి సున్నాన్ని నోటితో ఊదాను. పిండిలాగా లేచి నా మొహం మీదికే వచ్చింది. ఒక్కసారి ఆ పొగనీళ్ళు తగిలినా సున్నం పెచ్చు కడుతుంది. ఇది ఆ పని చేసి చేసి ముసలిదైన మనిషి చెప్తున్న మాట. ఏ పడక మీదా పెచ్చు లేదు. తొట్టి చూశాను. నేను నింపినప్పుడు ఎక్కడికి ఉందో నీళ్ళు అక్కడే ఉన్నాయి.

డబ్బా మాత్రం ఆదివారమంతా వేళ తప్పకుండా నీళ్ళు కొట్టానని చెప్తోంది. నేను బల్లి అనుకున్న చప్పుడు అదే.

“అయితే మోటరు కాలిపొయ్యుంటాది” అంది భవ్య.

“కాలిపోతే పోనీలే, మంచి పని చేసింది” అన్నాను. నిజంగానే అప్పుడు నాకు అంతే అనిపించింది. ఆ వరుసలన్నీ ముందు తుడిచేయమన్నాను. తుడిచేసింది. “ఇప్పుడు దాంట్లో ఏమీ లేదవ్వా. ఖాళీ డబ్బా” అని చెప్పి ఫోను పెట్టేసింది.

తర్వాత చూసింది ఇంకొకటి ఉంది. నా లెక్క ప్రకారం అప్పటికి పురుగులు జ్వరం నుంచి లేస్తూ ఉండాలి. లేవలేదు. ఒక్కటి కూడా తల దించలేదు. అంటే నేను చెప్పిన వేళ కూడా తప్పే. భవ్య నా మాట సరిగ్గా రాసి ఉన్నా, నీళ్ళు జ్వరంలోనే పడి ఉండేవి. ఇంతకాలం పురుగులు పెంచినదాన్ని నేనూ పొరబడ్డాను.

కాసేపటికి రామచంద్ర వచ్చాడు. జరిగింది చెప్పాను. “పైపులో గాలి పట్టుంటాది. మోటరు ఆడించి చూస్తా” అని చేయి పెట్టబోయాడు. అవి లేచేదాకా దాని జోలికి పోయావంటే చేయి విరుస్తానన్నాను. వాడు బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపలే నిలబడ్డాను.

ఎండ బాగా ఎక్కాక పురుగులు కదిలాయి. ముందు ఆ మూల, తర్వాత ఈ మూల, తర్వాత అన్నీ. పాత చర్మం విడిచి, తలలు దించి, ఆకు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాయి. మందు పొడి చల్లాను. అది పట్టేదాకా ఆగాను. లేత కొమ్మలు తెచ్చి మొదటి పడక మీద వేశాను. చేతిలోని కొమ్మలు అయిపోయి, ఇంకో మోపు కోసం వంగాను.

మోటారు గుర్రుమంది.

టక్కుమనలేదు. అది నాకు బాగా గుర్తు. ఎప్పుడూ ముందు డబ్బా టక్కుమంటుంది, తర్వాత మోటారు తిరుగుతుంది. ఈసారి మోటారే తిరిగింది. పైపులన్నిట్లోంచి నీళ్ళు పొగలాగా దిగాయి. నా తల మీద, కొమ్మల మీద, పురుగుల మీద. సరిగ్గా ఎప్పుడు కావాలో అప్పుడు.

రామచంద్ర పరిగెత్తుకొచ్చాడు. “నువ్వు మోటరు ముట్టుకున్నావా?”

“నా చేతుల్లో కొమ్మలుండాయి, కనపడ్లేదా?”

వెంటనే కూతురికి ఫోను చేశాడు. “అమ్మీ, నువ్వు పెట్టినావా?”

“నేనేం పెట్టలేదు నాయనా. దాంట్లో వరుసలే లేవు. ఏం అయితాండాది ఆడ?”

వాడు ఫోనును మోటారు దగ్గర పెట్టి వినిపించాడు. ఎప్పుడూ కొట్టేంతసేపే కొట్టి ఆగింది. రెండు గంటల తర్వాత మళ్ళీ కొట్టింది. సాయంత్రం భవ్య వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పోయి వైరు పీకేదాకా అలాగే నడిచింది. చెప్పులతో లోపలికి పోయినందుకు నేను తిట్టలేదు. అంతటి రోజు అది.

తర్వాత చింతామణి నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. మోటారు కాలలేదు. వైర్లు బాగున్నాయి. ఆదివారమంతా ఫ్యాను తిరిగింది కాబట్టి కరెంటు పోయిందనడానికీ లేదు, ఫ్యానూ మోటారూ ఒకే తీగ మీద ఉన్నాయి. “సున్నం పొడి స్విచ్చులోకి పొయ్యి అడ్డం పడుంటాదమ్మా, మళ్ళీ అదే రాలిపొయ్యుంటాది” అన్నాడు. తెరిచి చూపించమన్నాను. తెరిచాడు. లోపల సున్నం లేదు, దుమ్ము కూడా లేదు. తెరిచినదాన్ని మూసి, ఇంకేదో పనుందని వెళ్ళిపోయాడు.

భవ్య డబ్బాలోని గడియారం చూసింది. కొన్ని డబ్బాలు వేరే దేశం టైము చూపిస్తాయట. ఇది మన టైమే చూపిస్తోంది. ఆ తర్వాత తన తప్పు వరుసనే, ఒక్క అంకె మార్చకుండా, మళ్ళీ రాసింది. మోటారును మా పెరట్లో పెట్టి, పైపు కింద ఖాళీ బకెట్ పెట్టింది. ఆదివారం తెల్లవారి లేచి చూస్తే బకెట్లో నీళ్ళున్నాయి. డబ్బా రాసినట్టే చేసింది. తప్పు రాస్తే తప్పే చేసింది.

ఆ బకెట్ చూసి నాకు ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేను. కానీ ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. బకెట్‌ను తడిపినది పురుగులను ఎందుకు తడపలేదు?

పురుగులు బాగా తిన్నాయి, బాగా అల్లాయి. గూళ్ళు గట్టిగా వచ్చాయి. రామచంద్ర మార్కెట్ నుంచి ఈల వేసుకుంటూ వచ్చాడు. జేసీబీ మాట మళ్ళీ ఎత్తలేదు. తోట నిలబడింది. దానికి నేను సంతోషించలేదని ఎవరైనా అంటే అది అబద్ధం.

కానీ అప్పటి నుంచి మొదలైంది నా కోపం.

ముందు మా పక్కింటి ఎల్లప్ప వచ్చాడు. చనిపోయిన మా ఆయనకు దాయాది తమ్ముడి వరుస. కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు.

“అన్న ఆత్మ ఆడే ఉండాది వదినా. అన్నే ఆపినాడు. తోట పోకుండా కాపాడుకున్నాడు.”

“మీ అన్నకు బతికినన్నాళ్ళూ మూడో జ్వరం ఏదో నాలుగో జ్వరం ఏదో తెల్దు. పడక దగ్గరికొచ్చి, ఇవి సచ్చినాయా పండుకున్నాయా అని నన్ను అడిగేవాడు. పొయ్యినాక నేర్చుకున్నాడా? యాడ నేర్పిస్తాండారో చెప్పప్పా, నేనూ పొయ్యి నేర్చుకుంటా.”

అయినా ఊరుకున్నాడా? నేను లేనప్పుడు వచ్చి డబ్బాకు కుంకుమ పెట్టి, వైరుకు నిమ్మకాయ కట్టి పోయాడు. కుంకుమ తుడిచేశాను. నిమ్మకాయ తాజాగానే ఉంది, చిత్రాన్నంలో పిండాను. అది తెలిసి ఊళ్ళో సగం మంది నాకేదో కీడు జరుగుతుందన్నారు. నాకు జరిగిన కీడల్లా వాళ్ళ మాటలు వినాల్సి రావడమే.

దానికంటే నాకు మంట పుట్టించింది నా కొడుకు. అన్నం తింటూ తాపీగా అన్నాడు.

“అమ్మా, ఇంక ఆ డబ్బానే చూసుకుంటాదిలే. దానికన్నీ తెలుసు. నువ్వు ఇంట్లో కూచో.”

“దానికి తెలుసని ఎవురు చెప్పినారు నీకు?”

“మంచే చేసింది కదమ్మా?”

“చెయ్యమని ఎవురు చెప్పినారురా దానికి? ఎవురూ చెప్పకుండా ఈ పొద్దు మంచి చేసింది. ఎవురూ చెప్పకుండా రేపు ఇంకోటి చేస్తే, అప్పుడు ఎవుర్ని అడుగుతావు?”

వాడికి నేను పాతకాలపు మొండిదాన్నిగా కనిపించాను. తల అడ్డంగా ఊపి చేయి కడుక్కున్నాడు. నా పక్షాన మాట్లాడింది భవ్య ఒక్కతే. ఆ డబ్బా తెచ్చిన పిల్ల, అందరికంటే ఎక్కువగా భయపడిందీ అదే. అన్నం కెలుకుతూ కూర్చుని, తల ఎత్తకుండా చెప్పింది.

“తప్పు చేస్తే యాడ తప్పుందో వెతికి సరిచేస్తా నాయనా. అదే నా పని. రాయకుండానే సరిగ్గా చేస్తే, నేను దేన్ని సరిచెయ్యాల?”

వాళ్ళ నాన్న తువ్వాలు భుజాన వేసుకుని తోట వైపు పోయాడు.

మరుసటి పంటకు డబ్బాను తీయించేశాను. పైపులు విప్పించాను. గోనెపట్టాలు మళ్ళీ దింపాం. కోడలు పరగోడు నుంచి తిరిగొచ్చి, ఇంత మంచి యంత్రాన్ని ఎందుకు తీశారని నా వెనక గొణిగింది. నా ముందు గొణగమన్నాను. గొణగలేదు. తేదీ కూడా వేసి, ఎవరి ఆదివారమో తేడా రాకుండా రాస్తానని భవ్య ఒకసారి అంది. వద్దన్నాను. రెండోసారి అడగలేదు. దానికీ వద్దనే ఉందని నాకు అనిపించింది.

చదువుకున్నవాళ్ళు దీనికి ఏదో ఒక కారణం చెప్తారని నాకు తెలుసు. స్విచ్చు అతుక్కుందంటే ఒప్పుకుంటాను. అతుక్కున్నది మళ్ళీ ఊడిందన్నా ఒప్పుకుంటాను. తుడిచేసిన వరుస లోపల ఎక్కడో మిగిలిపోయిందంటే, అది భవ్య వెతుక్కోవాల్సిన సంగతి. ఇప్పటికీ వెతుకుతూనే ఉంది, ఏమీ దొరకలేదంటోంది.

నేను అడిగేది ఒక్కటే. ఆ ఇంట్లో పురుగులకు జ్వరం ఎప్పుడు వదులుతుందో తెలిసినవాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు. భవ్య తప్పు రాసింది. నేను తప్పు చెప్పాను. పురుగులు నోరు తెరిచి చెప్పవు. తాళం చెవి నా నడుముకు ఉంది. అయినా ఎవరో మా ఇద్దరి మాటా పక్కన పెట్టి, చివరి పురుగు లేచేదాకా ఆగి, మొదటి ఆకు పడ్డాక నీళ్ళు వదిలారు. ఎవరో, ఏదో, నాకు తెలియదు. దయ్యం అనను. దేవుడూ అనను.

ఎవరైనా కానీ, నా తోట నిలబెట్టారు కాబట్టి దండం పెట్టాలని ఊరు చెప్తోంది. నేను పెట్టను. నా ఇంట్లో నా పురుగుల మీద చేయి వేసే ముందు నాతో ఒక్క మాట చెప్పాలి. ఇంతవరకు ఎవరూ వచ్చి చెప్పలేదు.